దిక్కుమాలినది కాదు, డీకామాలీ

"దిక్కుమాలిన" అంటే ఏమిటో తెలుగు తెలిసినవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. అడిగే నాథుడు లేనిది, లావారిస్ అని. "డీకామాలీ" అంటే మాత్రం ఈ తరం పిల్లలకు చెప్పాల్సిందే. పాత పన్సారీ దుకాణాల్లో, ఇంగువ డబ్బా పక్కన, ముదురు పసుపు రంగులో ముద్దముద్దగా ఉండే ఒక బంక అది. హకీం సాబులు కడుపునొప్పికీ, పురుగులకూ రాసిచ్చే దవా.

స్కూలు చదువంతా ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీ తెలుగులో చేసినవాణ్ని కనక ఈ రెండు మాటలు నా చెవిలో ఎప్పుడూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూనే ఉంటాయి. భాషాశాస్త్రం ప్రకారం వాటి మధ్య రిష్తా ఏమీ లేదు. కానీ మా కలిగిరి నుంచి వింజమూరు, దుత్తలూరు మీదుగా ఉదయగిరి వైపు పోతుంటే కనిపించే ఆ కొండల తారీఖ్ ప్రకారం మాత్రం ఉంది. డీకామాలీ ఇచ్చే చెట్టు మా కొండల్లోనే ఉంది. దాని చెక్కతో చమ్చాలు, కంఘీలు చేసే కారీగర్లు ఉదయగిరిలోనే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది మన ముస్లిం ఆడవాళ్లు. ఆ చెట్టుకూ ఆ చేతులకూ తెలుగులో రాసిపెట్టిన తారీఖ్ చాలా తక్కువ. ఈ వ్యాసం అందుకే.

ఆ చెట్టు పేరు బిక్కి.

బిక్కి అంటే ఒకే చెట్టు కాదు, ఒక ఖాందాన్. చిట్టిబిక్కి పొదలాగా, మనిషి ఎత్తుకు అటూఇటూగా ఉంటుంది. పెద్దబిక్కి చిన్న చెట్టంత ఎదుగుతుంది, ఆకులు అరచేతికి మించిన వెడల్పు. రాళ్ల సందుల్లో, నీళ్లు నిలవని ఎర్ర నేలల్లో, వేరే చెట్టు బతకడానికి జంకే చోట ఇవి నిలబడతాయి. ఎండలు ముదిరే రోజుల్లో పూస్తాయి. పువ్వు విచ్చుకున్నప్పుడు తెల్లగా ఉంటుంది. ఒకటి రెండు రోజులకు పసుపు తిరుగుతుంది. అందుకే ఒకే కొమ్మ మీద తెల్లపూలూ పసుపుపూలూ కలిసి కనిపిస్తాయి. సాయంత్రం చల్లబడ్డాక వచ్చే ఖుష్బూ మల్లెకు దగ్గరగా ఉంటుంది గానీ మల్లె కాదు. కాయ గట్టిగా, గుండ్రంగా ఉంటుంది. కొమ్మ చివర లేత మొగ్గ మీద బంగారు రంగు చుక్కలా ఒక బంక ఊరుతుంది. అదే డీకామాలీ.

వృక్షశాస్త్రం ఈ ఖాందాన్‌కు పెట్టిన పేరు గార్డెనియా. ఉష్ణదేశాల్లో, ఆఫ్రికా నుంచి పసిఫిక్ దీవుల దాకా, నూటికి పైగా జాతులున్నాయి. మీ ఇంటి ముందు కుండీలో తెల్లగా, ముద్దగా పూసే గంధరాజం కూడా ఇందులోదే. నందివర్ధనంతో దాన్ని కలపకండి, అది వేరే కుటుంబం. గంధరాజం చైనా వైపు నుంచి వచ్చిన మొక్క. దాని కాయలో ఉండే పసుపు రంగు పదార్థం పేరు క్రోసిన్. మన దస్తర్‌ఖాన్ మీద బిర్యానీకి రంగిచ్చే జాఫ్రాన్‌లో ఉండేదీ అదే క్రోసిన్. చైనా, జపాన్‌లలో తినే వస్తువులకు రంగు కోసం ఆ కాయల్ని వాడతారు. ఇంకాస్త దూరపు చుట్టరికం చూస్తే కాఫీ, క్వినైన్ ఇచ్చే సింకోనా, కలంకారీ గుడ్డకు ఎరుపునిచ్చిన మన చిరివేరు, అన్నీ ఒకే కుటుంబం. ఎక్కడెక్కడో ఉన్న చుట్టాలంతా బజారులో పెద్ద ధర పలికినవాళ్లే. బిక్కి ఒక్కటే కొండ మీద బీదగా ఉండిపోయింది.

గార్డెనియా అనే మాట వింటే ఇంగ్లీషు గార్డెన్, అంటే తోట నుంచి వచ్చిందనుకుంటాం. కాదు. అది ఒక మనిషి ఇంటిపేరు. అలెగ్జాండర్ గార్డెన్ 1730లో స్కాట్లాండ్‌లో పుట్టాడు. అమెరికాలో దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్‌లో డాక్టరీ చేశాడు. మొక్కలన్నా, చేపలన్నా శౌఖ్. దొరికినవి దొరికినట్టు ఇంగ్లండ్‌కూ, స్వీడన్‌లోని లిన్నేయస్‌కూ పంపేవాడు. లండన్‌లో ఉండే జాన్ ఎల్లిస్ అనే ఆయన ఈ డాక్టరుకు దోస్త్. చైనా నుంచి వచ్చిన గంధరాజానికి ఒక ప్రజాతిగా పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు, ఎల్లిస్ పట్టుబట్టి తన దోస్త్ పేరు పెట్టించాడు. లిన్నేయస్‌కు మొదట అంత ఇష్టం లేదు. తర్వాత ఒప్పుకున్నాడు. అది 1761 ముచ్చట. అప్పట్లో ఆ మొక్క దక్షిణాఫ్రికాలోని కేప్ నుంచి వచ్చిందనుకుని కేప్ జాస్మిన్ అని కూడా పిలిచారు. అది కేప్ మొక్కా కాదు, జాస్మిన్ అంటే మల్లే కాదు. అయినా ఇంగ్లీషులో ఆ పేరు ఇప్పటికీ నడుస్తోంది. పేర్ల తఖ్దీర్ అట్లా ఉంటుంది.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో డాక్టర్ గార్డెన్ ఇంగ్లండ్ రాజు వైపు నిలబడ్డాడు. రాజు ఓడిపోయాడు. గార్డెన్ జాయ్‌దాద్ జప్తు అయింది. ఊరు వదిలి లండన్ చేరి, 1791లో అక్కడే కన్నుమూశాడు. ఆయన ఆస్తి పోయింది, హోదా పోయింది, పేరు మాత్రం ప్రపంచమంతటా కుండీల్లో పూస్తోంది. హిందుస్తాన్ మట్టి తొక్కని ఆ మనిషి పేరు మా ఉదయగిరి కొండ మీది చెట్టుకు కూడా చేరింది. 1782లో లిన్నేయస్ కొడుకు మన చిట్టిబిక్కికి గార్డెనియా గమ్మిఫెరా అని పేరు ఖాయం చేశాడు. గమ్మిఫెరా అంటే బంక ఇచ్చేది. పెద్దబిక్కి 1789లో గార్డెనియా లాటిఫోలియా అయింది. అంటే వెడల్పాటి ఆకులది.

మన వైపు మొక్కలు యూరప్ పండితుల దాకా ఎట్లా పోయాయన్నదీ దిల్‌చస్ప్ ముచ్చటే. అందులో ఒక పేరు ఆర్కాట్ నవాబు ముహమ్మద్ అలీ వాలాజా. నెల్లూరు సీమ అప్పుడు ఆయన హుకూమత్ కింద ఉండేది. లిన్నేయస్ శిష్యుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768లో తరంగంబాడికి వైద్యుడుగా వచ్చాడు. జీతం చాలక 1774లో నవాబు దగ్గర ప్రకృతిశాస్త్రవేత్తగా కొలువు చేరాడు. మన దేశంలో ఆధునిక వృక్షశాస్త్రానికి తొలి రోజుల్లో తన్‌ఖా ఇచ్చి పోషించినవాళ్లలో ఒక ముసల్మాన్ నవాబు ఉన్నాడన్న సంగతి మన పిల్లల పాఠాల్లో లేదు. కోనిగ్ తర్వాత కంపెనీ కొలువులోకి పోయి, 1785లో కాకినాడ పక్కన జగన్నాథపురంలో చనిపోయాడు.

ఆయన వెనుక విలియం రాక్స్‌బర్గ్. సామర్లకోటలో ఉండి 1793 దాకా తెలుగు నేల మొక్కల్ని పరిశీలించాడు. ఊరివాళ్లను అడిగి తెలుగు పేర్లు రాసుకున్నాడు. "ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్" అని ఆయన తెచ్చిన పెద్ద కితాబు 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా వచ్చింది. అందులో 300 బొమ్మలు. ఆ బొమ్మలకు మూలం గీసింది మన దేశపు ముసవ్విర్లే. ఆకు మీద నరం, పువ్వులో కేసరం తప్పకుండా దించారు. కితాబు మీద రాక్స్‌బర్గ్ పేరు ఉంది, ఆ చేతుల పేర్లు లేవు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇక బంక సంగతి. లేత కొమ్మల చివర ఊరిన డీకామాలీని మొగ్గతో సహా విరిచి ఏరుకుంటారు. ఉండ చేసి అమ్ముతారు. వాసన మాత్రం అల్లా మాఫ్ కరే, పిల్లి ఉచ్చలాగా ఉంటుంది. సంస్కృతంలో నాడీహింగువు అన్నారు, ఇంగువకు చెల్లెలన్నట్టు. యునానీలో కన్‌ఖామ్ అన్న పేరూ ఉంది. అజీర్తికీ, కడుపులో పురుగులకూ లోపలికి ఇచ్చేవారు. పుండ్ల మీద ఈగలు వాలకుండా పైపూత వేసేవారు. పశువుల గాయాల్లో పురుగులు పడితే రైతులు వెతుక్కునే మందు ఇదే. పిల్లలకు పళ్లొచ్చేటప్పుడు చిగుళ్లకు రాసేవారు. డైమాక్, వార్డెన్, హూపర్ అనే ముగ్గురు 1890లలో ప్రచురించిన "ఫార్మకోగ్రాఫియా ఇండికా"లో డీకామాలీ గురించి వివరంగా రాశారు. అంతకుముందే స్కాట్లాండ్ కెమిస్టు జాన్ స్టెన్‌హౌస్ ఈ బంక నుంచి పసుపు స్ఫటికాలు వేరుచేసి గార్డెనిన్ అన్నాడు. చూశారా, బంక మనది, వాసన మనది, స్ఫటికానికి కూడా చార్లెస్టన్ డాక్టరు పేరే.

మా దాదీకి ఈ గార్డెన్ ఎవరో, గార్డెనిన్ ఏమిటో తెలీదు. ఇంట్లో ఎవరికి పిల్లాడు పుట్టినా ఆత్మకూరు బజారు నుంచి ఇంత డీకామాలీ తెప్పించి, గుడ్డలో మూటకట్టి, బియ్యం డబ్బా వెనకాల దాచేది. "వాసన చూసి పారేయొద్దు, పేదోళ్ల డాక్టరిది" అనేది. పిల్లలకు ఏ మందైనా ఇవ్వాలంటే ముందు డాక్టర్ను అడగండి. దాదీ కాలం వేరు, ఆస్పత్రి ఇరవై మైళ్ల అవతల ఉన్న రోజులవి. నేను చెప్పేది మందు గురించి కాదు, ఆ మూట గురించి. తెలుగు రైతూ, ఉర్దూ మాట్లాడే దాదీ, సంస్కృతం చదివిన వైద్యుడూ, అరబీ కితాబు చదివిన హకీమూ ఒకే కొండ పొద దగ్గరికి వచ్చారు. ఎవరి జబాన్‌లో వాళ్లు పేరు పెట్టుకున్నారు. గంగా జమునా తహజీబ్ అని సభల్లో మాట్లాడుకుంటాం గానీ, ఆ తహజీబ్ చాలావరకు ఇట్లా బియ్యం డబ్బాల వెనకాలే బతికింది.

ఇప్పుడు చెక్క. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది.

మన ఇళ్లలో షంషాద్ అనే పేరు ఎంత మామూలో మీకు తెలుసు. షంషాద్ ఖాలా, షంషాద్ ఆపా లేని మొహల్లా ఉండదు. షంషాద్ అంటే ఫార్సీలో ఒక చెట్టు. ఫార్సీ షాయిర్లు మాషూఖ్ నిటారైన కద్దును ఆ చెట్టుతో పోల్చారు. ఇంగ్లీషులో దాన్ని బాక్స్‌వుడ్ అంటారు. దాని చెక్క లేత పసుపు, రేణువు సన్నం, పేలికలు లేవదు, నున్నగా తీరుతుంది. అందుకే ఇరాన్‌లో మంచి కంఘీలంటే షంషాద్ చెక్కవే. యూరప్‌లో పత్రికలకూ పుస్తకాలకూ బొమ్మలు చెక్కే అచ్చుదిమ్మలు కూడా ఆ చెక్కతోనే చేసేవారు. 19వ శతాబ్దంలో అచ్చుపని పెరిగి, బాక్స్‌వుడ్ కరువైంది. దానికి బదులు ఏ చెక్క పనికొస్తుందా అని కంపెనీ దొరలూ ఆ తర్వాత అటవీ అధికారులూ హిందుస్తాన్ అడవులన్నీ వెతికారు. వాళ్ల జాబితాలో చేరిన చెట్లలో ఒకటి మన పెద్దబిక్కి. ఇంగ్లీషు పుస్తకాల్లో దానికి ఇప్పటికీ ఇండియన్ బాక్స్‌వుడ్ అనే పేరుంది. అంటే హిందుస్తానీ షంషాద్ అన్నమాట. దాని చెక్కతో దువ్వెనలు చేస్తారని కూడా ఆ పుస్తకాలే చెబుతాయి.

ఆ దువ్వెనలు చేసే ఊరు ఒకటి మా పక్కనే ఉంది.

ఉదయగిరి అనగానే అందరికీ కోట గుర్తొస్తుంది. మూడు వేల అడుగులు దాటిన కొండ, దాని మీద కోట. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను శ్రీకృష్ణదేవరాయలు చాలాకాలం ముట్టడించి 1514లో గెలిచాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి గుడి కట్టించాడు. తర్వాతి కాలంలో కోట గోల్కొండ కుతుబ్‌షాహీల చేతికి వచ్చింది. కొండ మీది పెద్ద మసీదులో ఫార్సీ కత్బాలున్నాయి. అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో, 1642-43లో, షేక్ హుసేన్ అనే ఆయన ఆ మసీదు కట్టించాడనీ, ఒక బాగ్ నాటించాడనీ వాటి సారాంశం. ఆ తర్వాత కోట జాగీరుగా ముస్తఫా అలీ ఖాన్ వంశానికి వచ్చింది. 1839లో, కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను ఇంగ్లీషువాళ్లు ఖైదు చేసిన అదే ఏడు, ఉదయగిరి జాగీర్దారు మీద కూడా కుట్ర నేరం మోపి చెంగల్పట్టుకు పంపేశారు. జాగీరు అంతటితో ఖతం.

రాజులు పోయారు, నవాబులు పోయారు. కోటను నమ్ముకుని బతికినవాళ్లు ఎక్కడికి పోతారు? సిపాయికి తన్‌ఖా లేదు, సరుకు తెచ్చే బేపారికి గిరాకీ లేదు. మిగిలింది కొండ. ఆ కొండ మీది చెక్క. ఉదయగిరి చెక్క చమ్చాల మీద కనిపించే తీగ, ఆకు, జాలీ పనితనంలో ఫార్సీ ఛాయలున్నాయని చూసినవాళ్లంతా అంటారు. నాకైతే అది ఒక తారీఖ్ పుస్తకంలా కనిపిస్తుంది. తఖ్తు పోయాక కూడా తర్జ్ మిగిలింది. కోట గోడ మీద ఉండాల్సిన నఖాషీ గరిటె పిడి మీదికి దిగింది.

ఉదయగిరి చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి నాలుగైదు రకాల చెక్క ఈ పనికి వాడతారు. పని ఇట్లా నడుస్తుంది. చెక్కను కావాల్సిన పొడవుకు కోస్తారు. చిన్న గొడ్డలితో, బాడిసతో మోటుగా ఆకారం తీస్తారు. చమ్చా గుంట తీయడానికి ఒక వంపు ఉలి. పిడి మీద పువ్వుకూ తీగకూ సన్న కత్తి. ఆ తర్వాత ఆకురాయి, చివర గరుకు కాగితం. చమ్చా, కాంటా, కత్తి, గరిటె, కంఘీ, పళ్ల పుల్ల దాకా అన్నీ ఈ చేతుల్లోంచే వస్తాయి. మెషీన్ కొద్ది, హునర్ ఎక్కువ. ఇల్లు ఊడ్చుకుని, పిల్లల్ని బడికి పంపి, జొహర్ నమాజ్‌కు ముందు ఒక విడత, తర్వాత ఒక విడత కూర్చుంటారు. ఒళ్లో రజనులాగా చెక్కపొట్టు. కుడిచేతి బొటనవేలు మీద కాయ. ఆ కాయ చూసి ఏ ఇంటి ఆడబిడ్డ ఈ పనిలో ఉందో చెప్పేయొచ్చు.

ఉదయగిరి చెక్క కట్లరీకి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, వచ్చింది. 1999 నాటి చట్టం కింద వచ్చే గుర్తింపు అది. తిరుపతి లడ్డూకూ, బనగానపల్లె మామిడికీ ఉన్నలాంటిదే. లేపాక్షి దుకాణాల్లో అద్దాల వెనకాల పెట్టి అమ్ముతారు. ఇది ఇజ్జత్ ఇచ్చే సంగతే. అయితే ఆ చట్టం ఊరిపేరుకు హిఫాజత్ ఇస్తుంది. చేసిన మనిషి పేరుకు కాదు. చెట్టు పేరుకు అంతకన్నా కాదు.

చాలా ఏళ్ల కింద ఈ కారీగర్ల మీద నేనొక పత్రికకు వార్త రాశాను. నలుగురు ఆడవాళ్ల పేర్లు రాశాను, చెక్క పేరు బిక్కి అని రాశాను. పొద్దున పేపరు తీస్తే పేర్ల చోట "స్థానిక మహిళలు" అని ఉంది. బిక్కి చోట "ఒక రకం అడవి చెక్క" అని ఉంది. పత్రిక పేరెందుకు గానీ, డెస్కులో ఉన్నవాళ్లకు చెడ్డ ఉద్దేశమేమీ లేదు. జాగా చాలలేదు, అంతే. రాక్స్‌బర్గ్ కితాబులో ముసవ్విర్ల పేర్లకు జాగా చాలనట్టే. రెండు వందల ఏళ్లు గడిచినా మన కారీగర్ల పేర్ల దగ్గరికి వచ్చేసరికి జాగా ఎప్పుడూ చాలదు. ఆ రోజు పేపరు పట్టుకుని ఉదయగిరి పోయాను. వాళ్లలో పెద్దామె ఒక ఖాలా ఫోటో చూసుకుని మురిసిపోయింది. కింద తన పేరు ఎక్కడుందో చూపించమని మనవరాలిని అడిగింది. మనవరాలు నా మొహం చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

పేరు ముచ్చట పక్కన పెట్టినా, రిజ్క్ ముచ్చట ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1882లో అటవీ చట్టం వచ్చాక కొండలు రిజర్వు అడవులయ్యాయి. అంతకుముందు ఊరి కొండ ఊరివాళ్లది. పుల్ల విరిచినా, బంక ఏరినా అడిగేవాడు లేడు. చట్టం తర్వాత అదే పనికి పర్మిట్ కావాలి. అడవిని కాపాడటం తప్పని నేననను. కాపాడకపోతే ఈపాటికి బిక్కి కూడా మిగిలేది కాదు. కానీ కాపలా ఒక్కటే కాపాడటం కాదు. బిక్కి నిదానంగా పెరిగే చెట్టు. నిదానంగా పెరుగుతుంది కాబట్టే చెక్క అంత గట్టిది. నరికిన చోట మళ్లీ నాటకపోతే ఏమవుతుందో ఇప్పుడు కారీగర్లకు బాగా తెలుసు. చెక్క కోసం అంతకంతకూ దూరం పోవాల్సి వస్తోంది. దూరం పెరిగితే చెక్క ధర పెరుగుతుంది. చమ్చా ధర మాత్రం కొనేవాళ్లు పెరగనివ్వరు. మధ్యలో నలిగేది ఆ బొటనవేలు.

ఇంకో సంగతి. 2022 జూలై 1 నుంచి దేశమంతటా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ చమ్చాలు, కాంటాలు, కత్తులు నిషేధించారు. ఆ ఖబర్ విన్నప్పుడు ఉదయగిరికి బర్కత్ వచ్చిందనుకున్నవాళ్లు ఉన్నారు. ప్లాస్టిక్ పోయిన చోటికి చెక్క చమ్చాలు వచ్చిన మాట నిజమే. ఐస్‌క్రీం బండి దగ్గర, వలీమా దావత్‌లో, అన్నిచోట్లా చెక్క చమ్చాలే. అయితే అవి మెషీన్ మీద రేకులా చీల్చి అచ్చు గుద్దినవి. ఒకసారి నోట్లో పెట్టుకుని పారేసేవి. ఉదయగిరి చమ్చా పారేసేది కాదు. నూనె రాసి వాడుకుంటే ఏళ్ల తరబడి ఉంటుంది. రెండింటినీ ఒకే ధరకు అడిగితే అది బేరం కాదు, జుల్మ్.

ఇదంతా చదివి మనం చేయగలిగిందేమిటి అంటారా? పెద్ద మాటలు నాకు రావు. చిన్నవి మూడు చెబుతాను.

ఒకటి, కొనేటప్పుడు అడగండి. ఇది ఏ చెక్క, ఎవరు చేశారు అని. దుకాణంవాడికి తెలియకపోతే తెలుసుకుని చెప్పమనండి. పదిమంది అడిగితే పదకొండోసారికి చీటీ మీద పేరు వస్తుంది. బంగారం షాపులో హాల్‌మార్క్ అడగడం నేర్చుకున్నాం కదా, ఇదీ అంతే.

రెండు, బిడ్డ నికాహ్‌కు జహేజ్ అని స్టీలు సామాను, ఫ్రిజ్, సోఫా కొని అప్పులపాలయ్యే బదులు, ఒక బిక్కి చెక్క కంఘీ, నాలుగు గరిటెలు తోఫాగా ఇవ్వండి. అమ్మాయి పేరు షంషాద్ అయితే ఇంకా మంచిది. ఆ పేరు ఎక్కణ్నుంచి వచ్చిందో, ఆ చెట్టుకు మన కొండ మీద ఉన్న జోడీ ఏదో చెప్పి మరీ ఇవ్వండి.

మూడు, నాటండి. ఉదయగిరి కొండ మీద షేక్ హుసేన్ మసీదు కట్టించి ఊరుకోలేదు, బాగ్ కూడా నాటించాడు. రాయి మీద రెండూ కలిపే చెక్కించాడు. చెట్టు నాటడం సదఖా అని మనం ఖుత్బాల్లో వింటూనే ఉంటాం. మా వైపు మసీదులకూ, ఎ.ఎస్.పేట దర్గా లాంటి పెద్ద జాగాలకూ, ఖబ్రస్తాన్లకూ ఖాళీ నేల ఉంది. అక్కడ అందానికి ఏవో బయటి మొక్కలు తెచ్చి నాటుతున్నారు. వాటి పక్కన పది బిక్కి మొక్కలు నాటితే పోయేదేముంది? రాళ్ల నేల దానికి అలవాటే, నీళ్లు పెద్దగా అడగదు. పూస్తే ఖుష్బూ, పెరిగితే రిజ్క్. నాటినవాడు చెక్క చూడకపోవచ్చు. వాడి మనవరాలు చూస్తుంది.

డాక్టర్ గార్డెన్ మీద నాకు కోపం లేదు. తన ఊరి మొక్కల మీద ప్రేమతో బతికిన మనిషి. పేరు ఇచ్చింది వాళ్ల దోస్తానా. మన తప్పల్లా మన దోస్తానాను మనం ఎక్కడా రాసుకోకపోవడమే. కొండకూ మనకూ, బిక్కికీ ఆ చేతులకూ నాలుగు వందల ఏళ్ల రిష్తా ఉంది. తెలుగులో చిట్టిబిక్కి, పెద్దబిక్కి అన్నాం. ఉర్దూలో డీకామాలీ అన్నాం. ఇన్ని జబాన్లలో పేరున్న చెట్టు దిక్కుమాలినది ఎట్లా అవుతుంది?

కలిగిరి మీదుగా ఉదయగిరి పోయేవాళ్లు ఈసారి కోట చూసి తిరిగి వచ్చేయకండి. కిందికి దిగి, చెక్కపొట్టు కనిపించిన ఏ గడప ముందైనా ఆగి సలాం చెప్పండి. చమ్చా ధర తర్వాత అడుగుదురు గానీ, ముందు ఆ తల్లి పేరు అడగండి.